పార్ట్‌నర్‌ని జాగ్రత్తగా కింద దించడం నేర్పే ఆట

పిల్లల్ని కుస్తీ క్లబ్‌లో చేర్పించడానికి వచ్చే పేరెంట్స్‌లో చాలామంది చెప్పే కారణం ఒకటే, మా వాడు కాస్త గట్టిపడాలండీ అని. లేదంటే మా పిల్ల మరీ భయస్తురాలు, స్కూల్లో ఎవరేమన్నా ఏడ్చుకుంటూ వచ్చేస్తుంది, కొంచెం ధైర్యం రావాలి అని. నేనూ మా వాడిని అలాంటి ఆలోచనతోనే తీసుకెళ్ళాను, తర్వాత మా అమ్మాయి నేనూ వస్తానని వెంటపడి మరీ చేరింది. ఇన్నేళ్ళు మ్యాట్ పక్కన కూర్చుని చూశాక నాకు అర్థమైంది ఏంటంటే, ఈ ఆట పిల్లలకి అన్నిటికంటే ముందు నేర్పేది ఎదుటివాడి ఒళ్ళు తన చేతుల్లో ఉన్నప్పుడు జాగ్రత్తగా ఉండటం. గట్టిదనం, ధైర్యం అవన్నీ వస్తాయి, కానీ దాని వెనకాల వస్తాయి. ఈ మొదటిది లేని క్లబ్‌లో మిగతావి వచ్చినా అవి మంచికి రావు అని కూడా నా గట్టి నమ్మకం.

బయటి నుంచి చూసేవాళ్ళు లోపల పిల్లలు ఎంతసేపూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కొట్టుకుంటూ ఉంటారనుకుంటారు. అసలు ప్రాక్టీస్‌లో ఎక్కువ టైమ్ పోయేది డ్రిల్స్‌కి. వార్మప్ అయ్యాక దాదాపు ఒకే బరువున్న ఇద్దరిద్దరు జంటలుగా నిలబడతారు, ఒకడు సింగిల్ లెగ్ వేస్తాడు, అంటే ఎదుటివాడి ఒక కాలు చేజిక్కించుకుని లేపి కింద పడేస్తాడు, ఇంకొకడు వేయించుకుంటాడు. మళ్ళీ వేస్తాడు, మళ్ళీ వేయించుకుంటాడు, విజిల్ కొడితే మారతారు. ఇందులో వేసేవాడి పని అందరికీ కనిపిస్తుంది, కానీ కష్టమైన పని వేయించుకునేవాడిది. వాడు బిగుసుకుపోయి అడ్డం పడితే అవతలివాడు ఏమీ నేర్చుకోలేడు, పట్టు పడకముందే బస్తాలా కూలిపోతే అప్పుడూ ఏమీ నేర్చుకోలేడు. ఎంత ఎదురు బలం ఇస్తే అవతలివాడికి పట్టు కుదురుతుందో సరిగ్గా అంతే ఇవ్వాలి, వాడు బాగా చేస్తున్న కొద్దీ ఇంకాస్త పెంచుతూ పోవాలి. తొమ్మిది పదేళ్ళ పిల్లలు తమ ఒంటితో ఇది కొలుచుకుంటూ ఉంటే చూడటానికి నాకు చాలా ఆనందంగా ఉంటుంది, ఎందుకంటే ఇంకొకడు ఎదగడానికి నువ్వు ఎంత తగ్గాలి, ఎంత నిలబడాలి అనేది పెద్దవాళ్ళం ఆఫీసుల్లో కూడా నేర్చుకోలేకపోతున్నాం కదా.

కొత్తగా వచ్చిన పిల్లల్లో కాస్త బలంగా ఉన్నవాళ్ళు మొదటి కొన్ని వారాలు దీన్ని అస్సలు ఒప్పుకోరు. డ్రిల్‌లో కూడా గెలవాలనే చూస్తారు. అలాంటి పిల్లాడితో మా కోచ్ కోప్పడగా నేను చూడలేదు, ఏం చేస్తారంటే వాడిని తీసుకెళ్ళి క్లబ్‌లో బాగా సీనియర్ అయిన ఒకళ్ళతో జతేస్తారు, ఆ సీనియర్ వాడిని సున్నితంగా, ఒక్క దెబ్బ తగలకుండా, వాడికి పట్టు కుదిరేలా సహకరిస్తూ డ్రిల్ చేయిస్తాడు. నాకంటే ఇంత బలమున్నవాడు నాతో ఇంత జాగ్రత్తగా ఉన్నాడే అనేది ఆ పిల్లాడికి ఒళ్ళంతా తెలుస్తుంది. తర్వాత వాడు తనకంటే చిన్నవాడితో అలాగే ఉండటం మొదలుపెడతాడు. ఉపన్యాసం అక్కర్లేకుండా ఒకరి నుంచి ఒకరికి అలా అందుతూ పోతుంది.

అమెరికాలో స్కూల్ పిల్లలు ఆడే కుస్తీ రూల్స్‌లో నాకు చాలా ఇష్టమైన రూల్ ఒకటి ఉంది. ఎదుటివాడిని మ్యాట్ మీద నుంచి పైకి ఎత్తావంటే వాడిని మళ్ళీ క్షేమంగా కిందకి చేర్చే బాధ్యత ఎత్తినవాడిదే. కావాలని బలంగా కింద కేసి కొడితే అది ఫౌల్, పాయింట్ అవతలివాడికి పోతుంది. గెలవడానికి వచ్చిన చోట కూడా, నువ్వు ఓడించాలనుకుంటున్న మనిషి వీపు ఎలా నేలకి తగులుతుందో చూసుకోవాల్సింది నువ్వే అని రూల్ బుక్కులోనే రాసి పెట్టారు. అంతర్జాతీయ కుస్తీలో త్రోలకి పాయింట్లు ఎక్కువే ఉంటాయి, కానీ అక్కడా వేళ్ళు మెలితిప్పడం, జుట్టు లాగడం, కొరకడం, చేతిని వీపు వెనక్కి 90 డిగ్రీలు దాటించి వంచడం ఇవన్నీ నిషేధం, చిన్న వయసు కేటగిరీల్లో మెడ మీద భారం వేసే డబుల్ నెల్సన్ లాంటి పట్లు కూడా కుదరవు. పిల్లలు ఈ రూల్స్ నేర్చుకునేటప్పుడు ఎందుకు అని అడుగుతారు, అలా చేస్తే కీలు ఏ దిక్కుకి పోతుందో కోచ్ నెమ్మదిగా వంచి చూపిస్తారు, వాళ్ళకి వెంటనే ఎక్కేస్తుంది. ఎక్కడ నొప్పి పుడుతుందో తెలిసిన పిల్లలు ఊరికే చెయ్యెత్తరు అని నేను చెప్పగలను, మా ఇంట్లో అన్నాచెల్లెళ్ళ గొడవలు ఆగిపోలేదు కానీ చేతులదాకా పోవడం మాత్రం ఆగిపోయింది.

ఇక ఓడిపోవడం. దీని గురించి ఎంత రాసినా తక్కువే.

టీమ్ గేమ్‌లో ఓడితే బాధ పంచుకోవడానికి పదిమంది ఉంటారు, బాల్ రాలేదనో, వాడు క్యాచ్ వదిలేశాడనో చెప్పుకోవచ్చు. కుస్తీలో ఆ సౌకర్యం లేదు. నీ బరువే ఉన్న, నీ వయసే ఉన్న ఇంకో పిల్లాడు, మధ్యలో ఏ వస్తువూ లేదు, బ్యాట్ లేదు నెట్ లేదు, అంతర్జాతీయ రూల్స్ ప్రకారం పదిహేనేళ్ళ లోపు పిల్లలకి రెండు నిమిషాల చొప్పున రెండు పీరియడ్లు, మధ్యలో 30 సెకన్ల రెస్ట్, అంతే. ఫ్రీస్టైల్‌లో, అంటే కాళ్ళు కూడా పట్టుకోనిచ్చే కుస్తీలో, 10 పాయింట్ల తేడా వస్తే అక్కడికక్కడే ఆపేస్తారు, రెండు భుజాలూ మ్యాట్‌కి ఆనించి పట్టుకుంటే అసలు పాయింట్లతో పనే లేదు. ఆ ఓటమి తర్వాత ఏం జరుగుతుందో చూడండి, పారిపోవడానికి లేదు, మధ్యలోకి వచ్చి నిలబడాలి, గెలిచినవాడికి షేక్‌హ్యాండ్ ఇవ్వాలి, రిఫరీ ఒక చేత్తో నీ మణికట్టు పట్టుకుని ఇంకో చేత్తో అవతలివాడి చెయ్యి పైకి ఎత్తుతారు, నువ్వు అక్కడే నిలబడి ఉండాలి. తర్వాత రిఫరీకి, అవతలి కోచ్‌కి కూడా షేక్‌హ్యాండ్ ఇచ్చి అప్పుడు దిగాలి. కళ్ళల్లో నీళ్ళు కారిపోతూ, గొంతు పూడుకుపోయి కూడా ఆ నాలుగు పనులూ పూర్తిచేసి దిగే పిల్లల్ని నేను చాలామందిని చూశాను. ఏడవద్దు అని ఎవరూ అనరు మా క్లబ్‌లో, అది నాకు చాలా నచ్చుతుంది. ఏడుపు వస్తే రానీ, షేక్‌హ్యాండ్ మాత్రం ఇచ్చి రా అంటారు. బాధని దాచుకోమనడం వేరు, బాధలో కూడా చెయ్యాల్సిన పని చెయ్యమనడం వేరు, పిల్లలకి ఈ తేడా మాటల్లో చెప్పలేం, చేయించి చూపించాల్సిందే.

కుస్తీలో రెపిచేజ్ అని ఒక పద్ధతి ఉంది, కుస్తీ చూసేవాళ్ళందరికీ తెలుసు కానీ పిల్లల మనసు మీద అది చేసే పని గురించి ఎవరూ మాట్లాడరు. నువ్వు ఒక బౌట్, అంటే ఒక మ్యాచ్ ఓడిపోయావు, కానీ నిన్ను ఓడించినవాడు ఫైనల్ దాకా వెళ్ళాడంటే నీకు బ్రాంజ్ కోసం మళ్ళీ ఆడే అవకాశం వస్తుంది. అంటే ఓడిపోయిన పిల్లాడు ఏం చెయ్యాలి, కూర్చుని తనని ఓడించినవాడు గెలవాలని కోరుకోవాలి! పొద్దున తనని చిత్తు చేసినవాడిని మధ్యాహ్నం పక్కనుంచి పేరు పెట్టి పిలుస్తూ కమాన్ కమాన్ అని అరుస్తూ ఉంటారు. మొదట్లో అది స్వార్థమే, తన ఛాన్స్ కోసమే, కానీ అరుస్తూ అరుస్తూ ఉండగా వాడి ఆట నిజంగా చూడటం మొదలుపెడతారు, అబ్బ ఎంత బాగా తప్పించుకున్నాడో అంటారు, తర్వాత ఇద్దరూ ఒకచోట కూర్చుని ఆ పట్టు ఎలా వేశావు చూపించు అని అడుగుతారు. మా వాడికి ఉన్న మంచి ఫ్రెండ్స్‌లో ఇద్దరు అలా దొరికినవాళ్ళే.

2016 రియో ఒలింపిక్స్‌లో సాక్షి మాలిక్ గెలిచిన బ్రాంజ్ ఇలా రెపిచేజ్ దారిలో వచ్చిందే. క్వార్టర్ ఫైనల్లో ఓడిపోయింది, తనని ఓడించిన రష్యా అమ్మాయి ఫైనల్‌కి వెళ్ళడంతో మళ్ళీ పిలుపొచ్చింది, చివరి బౌట్‌లో కిర్గిజ్‌స్తాన్ అమ్మాయి మీద 0-5తో వెనకబడి ఆఖరి సెకన్లలో తిరగేసి 8-5తో గెలిచింది. ఒలింపిక్ మెడల్ గెలిచిన మొదటి భారత మహిళా రెజ్లర్ అయింది. మా క్లబ్‌లో పిల్లలకి ఆ వీడియో చూపించినప్పుడు కోచ్ చివరి సెకన్ల దగ్గర కాకుండా మధ్యలో రెస్ట్ టైమ్ దగ్గర ఆపారు, 0-5 ఉన్నప్పుడు తన మొహం చూడండి అన్నారు. పిల్లలు చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నారు, ఒకళ్ళు భయపడుతోంది అంటే ఒకళ్ళు కాదు లెక్కేసుకుంటోంది అని.

కోపం సంగతి కూడా చెప్పాలి. టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో మన రెజ్లర్ రవి దహియా 2-9తో వెనకబడి ఉండి కజకిస్తాన్ రెజ్లర్‌ని పడగొట్టి భుజాలు ఆనించి పిన్ చేశాడు, ఆ పట్టులో ఉండగా అవతలివాడు అతని చెయ్యి కొరికాడు, పంటి గాట్లు పడేంతగా. దహియా తిరిగి కొట్టలేదు, పట్టూ వదల్లేదు, గెలిచాడు. పిల్లల్ని అడిగితే వీళ్ళందరికీ ఈ సంగతి తెలుసు, వాళ్ళకి ఇది పెద్ద హీరోయిజం. చెంప మీద గట్టిగా తగిలితే తిరిగి ఒకటి ఇవ్వాలనిపించడం సహజం, అది ప్రాక్టీస్‌లో రోజూ జరిగేదే, తల తలకి కొట్టుకుంటుంది, మోచెయ్యి మూతికి తగులుతుంది. అప్పుడు లేచి నిలబడి సారీ చెప్పి, ఓకేనా అని అడిగి, మళ్ళీ స్టాన్స్‌లోకి, అంటే ఆటకి సిద్ధంగా నిలబడే భంగిమలోకి రావడం అనేది రోజుకి ఎన్నోసార్లు చేసి చేసి ఒంటికి అలవాటైపోతుంది.

చిన్నచిన్న శుభ్రతల్లో కూడా ఒక గుణం దాక్కుని ఉంటుంది. గోళ్ళు కత్తిరించుకుని రావాలి, ప్రాక్టీస్ అయిన వెంటనే స్నానం చెయ్యాలి, బట్టలు ఉతకాలి, మ్యాట్‌ని డిస్‌ఇన్ఫెక్టెంట్‌తో తుడవాలి, మ్యాట్ షూస్ బయట వేసుకోకూడదు. ఎందుకంటే తామర, ఇంపెటైగో, హెర్పిస్ లాంటి చర్మ వ్యాధులు ఈ ఆటలో ఒళ్ళూ ఒళ్ళూ రాసుకుని చాలా సులువుగా అంటుకుంటాయి. పోటీకి వారం ముందు ఒక పిల్లాడి మెడ మీద గుండ్రటి మచ్చ వచ్చిందనుకోండి. చెబితే పోటీ పోతుంది, చొక్కా కాలర్ కింద దాచేస్తే ఎవరికీ తెలీదు. మా అమ్మాయికి సరిగ్గా ఇలాగే అయింది, తనంతట తనే వెళ్ళి సార్ ఇది చూడండి అని చూపించింది, ఆ పోటీకి వెళ్ళలేదు, ఇంటికొచ్చి దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది. తను గెలిచిన ఏ మెడల్ కంటే కూడా నాకు ఆ రోజు తనంటే గౌరవం పెరిగింది, ఆ మాట తనకి చెప్పాను కూడా.

ఇంతవరకూ మంచే రాశాను కానీ కుస్తీలో వేస్తే చాలు పిల్లలు బుద్ధిమంతులైపోతారు అని ఎవరైనా అంటే నమ్మకండి. స్కూళ్ళలో బుల్లీయింగ్ మీద పరిశోధనకి పేరున్న డాన్ ఓల్వేయుస్, ఇంకొకరితో కలిసి నార్వేలో మగపిల్లల మీద చేసిన ఒక స్టడీ 2005లో వచ్చింది. బాక్సింగ్, కుస్తీ, వెయిట్‌లిఫ్టింగ్, మార్షల్ ఆర్ట్స్ లాంటి బలం ఆటల్లో ఉన్న పిల్లల్లో బయట కొట్లాటలు, చెడ్డ ప్రవర్తన పెరిగినట్టు వాళ్ళకి కనిపించింది. ఆ ఆటల చుట్టూ ఉండే మగతనం గొప్పలు, ఆ వాతావరణం కూడా దీనికి ఒక కారణం కావచ్చని వాళ్ళు రాశారు. నేను ఇది చదివినప్పుడు నాకు కోపం రాలేదు, నిజమే అనిపించింది, ఎందుకంటే పోటీలకి వెళ్ళినప్పుడు అలాంటి క్లబ్బులు కనిపిస్తూనే ఉంటాయి. ఓడిన పిల్లాడిని అందరి ముందూ తిట్టడం, ఆడపిల్ల చేతిలో ఓడిపోయావా అని ఎగతాళి చెయ్యడం, నొప్పి అంటే నటిస్తున్నావని అనడం. అక్కడా అదే మ్యాట్, అవే పట్లు, అవే రూల్స్. పిల్లలు నేర్చుకునేది మాత్రం పూర్తిగా వేరు.

ఆడపిల్లల సంగతి వచ్చింది కాబట్టి, మహిళల కుస్తీ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2004లో, మగవాళ్ళది 1896లోనే మొదలైంది. చిన్న వయసులో మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసే ప్రాక్టీస్ చేస్తారు చాలా చోట్ల, మగపిల్లలు ఆడపిల్లల చేతిలో మామూలుగా ఓడిపోతూ ఉంటారు, లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చి మళ్ళీ ఆడతారు. అలా పెరిగిన మగపిల్లలు పెద్దయ్యాక ఆడవాళ్ళతో ఎలా ఉంటారు అనేదాని మీద నాకు చాలా ఆశ ఉంది.

అన్నిటికంటే నాకు భయం వేసేది బరువు తగ్గించే వ్యవహారం, అంటే తక్కువ బరువు కేటగిరీలో ఆడటానికి పోటీకి ముందు హడావిడిగా బరువు దించుకోవడం. 1997లో అమెరికాలో కొన్ని వారాల వ్యవధిలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు బరువు తగ్గించుకునే ప్రయత్నంలోనే చనిపోయారు, నీళ్ళు మానేసి, వేడిలో, చెమట పట్టే సూట్లు వేసుకుని ఎక్సర్‌సైజ్ చేస్తూ. ఆ తర్వాతే అక్కడి కాలేజీ కుస్తీలో సానాలు, ఆ రబ్బర్ సూట్లు నిషేధించి, బరువు తూచే టైమ్ మ్యాచ్‌కి దగ్గరగా జరిపారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన రెజ్లర్ వినేశ్ ఫోగట్ ఫైనల్ రోజు పొద్దున తన కేటగిరీ కంటే 100 గ్రాములు ఎక్కువ ఉందని డిస్‌క్వాలిఫై అయినప్పుడు మా పిల్లలిద్దరూ అన్నం సరిగా తినలేదు, అంత బాధపడ్డారు. తను రాత్రంతా ఏమేం చేసిందో వార్తల్లో విని మా వాడు నన్ను అడిగాడు, అమ్మా నేనూ అలా చెయ్యాలా అని. వద్దు నాన్నా అని చెప్పాను, వాళ్ళు పెద్దవాళ్ళు, డాక్టర్ల మధ్య ఉన్నారు, అయినా అది వాళ్ళకీ మంచిది కాదు, నువ్వు ఎదిగే పిల్లాడివి, నీ బరువు ఎంతుంటే ఆ కేటగిరీలో ఆడతావు, అక్కడ నీకంటే బలమైనవాళ్ళు ఉంటే ఓడిపోతావు, అంతే. మా కోచ్ కూడా ఈ విషయంలో చాలా కచ్చితం. కాంటాకి ఎక్కి ఉన్న నంబర్ ఉన్నట్టు ఒప్పుకోవడం కూడా ఒక నిజాయితీయే కదా, దాన్ని మోసం చెయ్యడానికి పిల్లల కడుపు మాడ్చే క్లబ్ ఎన్ని కప్పులు గెలిచినా నాకు అక్కర్లేదు.

పేరెంట్స్‌గా మనం చెయ్యాల్సింది చాలా తక్కువ. మ్యాట్ అంచున నిలబడి కాలు పట్టుకో, తిప్పు అని అరవకపోవడం ఒకటి, పిల్లలకి ఒకేసారి రెండు గొంతులు వినిపిస్తే ఏదీ వినరు. తిరిగొచ్చేటప్పుడు దారిలో బౌట్ గురించి వాళ్ళు మాట్లాడితేనే మాట్లాడటం ఇంకొకటి. రిఫరీ తప్పు చేశాడు అని వాళ్ళ తరఫున మనమే సాకు అందించామంటే, ఇంత కష్టపడి కోచ్ నేర్పిందంతా పోతుంది, నిజంగా రిఫరీ తప్పే అయినా సరే.

క్లబ్ ఎలా ఎంచుకోవాలి అని అడుగుతూ ఉంటారు నన్ను, అందుకే ఇదీ రాస్తున్నా. గోడ మీద మెడల్స్ చూడకండి. ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడండి, చూడనివ్వకపోతే అక్కడితో ఆపెయ్యండి. డ్రిల్ టైమ్‌లో క్లబ్‌లో అందరికంటే బలమైన పిల్లాడు అందరికంటే బలహీనమైన పిల్లాడితో ఎలా ఉన్నాడో చూడండి. నొప్పి వచ్చి మ్యాట్ తట్టినప్పుడు అవతలివాడు వెంటనే వదిలేస్తున్నాడా లేక ఇంకో క్షణం పట్టుకుంటున్నాడా చూడండి. బరువు విషయంలో ఏం చేస్తారని నేరుగా అడగండి, పెద్దవాళ్ళు పిల్లలతో ఒంటరిగా ఉండే సందర్భాలు ఉంటాయా, బట్టలు మార్చుకునే గదుల్లో రూల్స్ ఏంటి అని కూడా అడగండి, ఇది ఒళ్ళు తాకే ఆట కాబట్టి ఈ ప్రశ్న మరీ ముఖ్యం, మంచి కోచ్ దీనికి నొచ్చుకోరు, వివరంగా చెప్తారు. చివరగా గెలిచినవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు, ఈ మధ్య ఓడిపోయిన పిల్లాడెవరో కనుక్కుని వాడిని అడగండి, బాబూ ఇక్కడ నీకు బాగుందా అని.